సముద్రం లేని దేశపు చట్టం

సముద్రం హోరు తగ్గించమని ఒక కంపెనీ అక్కుపల్లికి రాసిన కేసు నా సర్వీసులో ఒకటుంది. నవ్వకండి, నిజంగానే రాశారు. చివరికి మమ్మల్ని గట్టెక్కించింది ఆ ఒక్క ముక్కే కాబట్టి నేనూ నవ్వను. నవ్వనంటూనే నవ్వేస్తాననుకోండి, అది వేరే సంగతి.

నాది కార్మిక శాఖ. టెక్కలిలో పుట్టి, ఉద్యోగం పేరిట జిల్లా అంతా తిరిగి, చివరి పోస్టింగు కాశీబుగ్గలో చేసి ఇంటికి వచ్చేశాను. అక్కడ కింద జీడిపప్పు కొట్టు, పైన మా ఆఫీసు. పప్పు వేగే వాసనకి భోజనం వేళ కాకముందే మా అందరికీ ఆకలి మొదలయ్యేది. మా దగ్గరికొచ్చే తగాదాలు కూడా ఆ వాసన వెళ్ళినంత మేరకే ఉండేవి. జీడి బట్టీల్లో కూలి రేట్లు, బట్టల కొట్లలో వారం సెలవు, చెప్పకుండా మానిపించేసిన గుమాస్తా. యజమానిని ఒక పక్క, పనివాడిని ఒక పక్క కూర్చోబెట్టి మధ్యలో నేను అరిచేదాన్ని. నాకు కోపం ఎక్కువని శాఖలో పేరు. ఆ పేరు వల్ల సగం తగాదాలు మెట్ల మీదే తీరిపోయేవి.

మీలో చాలామంది ఇప్పుడు ఫోను మీద పని చేసుకుని బతుకుతున్నారు. పని ఇచ్చేవాడి ముఖం మీరు చూడరు, మీ ముఖం వాడు చూడడు. వాడికి కోపమొస్తే ఏ మెట్లెక్కి అడగాలో కూడా తెలియదు. అందుకే ఈ సంగతి మీకు చెప్పాలనిపించింది.

వేట నిషేధం రోజులు, పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. ఒక మధ్యాహ్నం అక్కుపల్లి నుంచి మొగుడూ పెళ్ళామూ మోటారు సైకిలు మీద వచ్చారు. అతను వేటకెళ్ళే మనిషి, గుమ్మం దగ్గరే చెప్పులు వదిలేసి వరండా బల్ల మీద కూర్చున్నాడు. ఆమె లోపలికొచ్చింది. పాతికేళ్ళు దాటి ఉంటాయి, ఇంటర్ దాకా చదివింది. కుర్చీ చూపిస్తే అంచు మీద కూర్చుంది.

"మేడమ్, నన్ను పనిలోంచి తీసేశారండి. మోసం చేశానని రాశారు," అంది.

"ఏ బట్టీ అమ్మా?"

"బట్టీ కాదండి. విదేశం కంపెనీ."

మా సీనియర్ అసిస్టెంటు పేపరు మడిచి పక్కన పెట్టాడు. ఆయన పేపరు మడవడమంటే మామూలు విషయం కాదు.

ఆమె చేసే పని ఏమిటంటే, మాటలు చెప్పడం. యూరప్‌లో ఒక చిన్న దేశం ఉంది, ఆ దేశంలో ఒక కంపెనీ. దేశం పేరు రాయను, ఎందుకొచ్చిన గొడవ. యంత్రాలకి రకరకాల మనుషుల మాట నేర్పడం వాళ్ళ వ్యాపారం. ఫోనులో ఒక బొమ్మ వస్తుంది, దాని గురించి మీ మాటల్లో చెప్పండి అంటారు. ఈమె చెప్పి పంపిస్తుంది. ఉద్దానం తీరంలో పుట్టి పెరిగి, అక్కడే ఉంటున్న వాళ్ళ మాట కావాలని వాళ్ళు ప్రకటన ఇచ్చారు, ఈమె చేరింది. కొన్నాళ్ళు బాగానే నడిచింది. మీ గొంతు మాకు గర్వకారణమని ఒక మెచ్చుకోలు కూడా వచ్చింది. ఆ తర్వాత ఒక ఉదయం ఫోను తీస్తే లోపలికి రానివ్వలేదు. "ఖాతా దుర్వినియోగం, మోసం" అని ఎర్ర అక్షరాలు. ఎవరిని అడగాలో, ఏమని అడగాలో ఎక్కడా లేదు.

"పోనీలే అమ్మా, ఇంకో కంపెనీ చూసుకో," అన్నాడు సీనియర్ అసిస్టెంటు.

ఆ మాటతో ఆమె ముఖం కందిపోయింది. ఇలాంటి పని ఇచ్చే మిగతా కంపెనీలు కూడా ఆ ఎర్ర అక్షరాలు చూసి తలుపేస్తున్నాయట. ఆపైన అసలు సంగతి చెప్పింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆమె భర్త ప్రతి ఏడూ వానలు పడగానే జట్టుతో పలాసలో రైలెక్కి గుజరాత్ బోట్ల మీద పనికి పోతున్నాడు. ఇంట్లో ఉండేది వేసవి నాలుగు రోజులే. ఈ ఏడు మాత్రం ఆమె పట్టు పట్టింది. ఇంటి ఖర్చు తన పని చూసుకుంటుంది, అతను ఊరి పడవ మీదే వేటకెళ్ళాలి. అతను సరేనన్నాడు. ఇప్పుడు ఆమె పని పోయింది, వానలు రాబోతున్నాయి, జట్టు మేస్త్రీ రోజూ ఫోను చేస్తున్నాడు.

అప్పటిదాకా జాగ్రత్తగా టీవీ తెలుగు మాట్లాడిన మనిషికి, అది చెప్పేటప్పుడు మాత్రం గొంతు మారింది. "ఈ ఏడు కూడా ఆడు ఎల్లిపోతే, ఇంకెప్పుడూ ఆగడండి," అంది.

ఆ మాట నన్ను పట్టేసింది. కేసు తీసుకుంటున్నానని చెప్పేశాను.

చెప్పాక ఫోనులో ఆమె ఒప్పందం తెరిచి చూస్తే నాకు కళ్ళు తిరిగాయి. చేరేటప్పుడు అందరూ "అంగీకరిస్తున్నాను" అని నొక్కుతారే, అదే. ఎంత పైకి తోసినా అయిపోదు. చివరికెక్కడో ఉంది. ఈ ఒప్పందానికి మా దేశపు చట్టమే వర్తిస్తుంది, ఏ తగాదా అయినా మా రాజధాని కోర్టులోనే, మీరు మా ఉద్యోగి కారు, స్వతంత్ర భాగస్వామి, పని మా దేశంలోని మా సర్వర్ల మీద జరిగినట్టే లెక్క అని.

సీనియర్ అసిస్టెంటు నా భుజం మీదుగా చదివి, "నీకు పాస్‌పోర్టు ఉందామ్మా?" అని ఆమెను అడిగాడు. తర్వాత నాతో, "మేడమ్, మన పరిధి సోంపేట దాటదు," అన్నాడు.

"నా అరుపు దాటుతుంది," అన్నాను.

దాటలేదు. మంచి ఇంగ్లీషులో నోటీసు రాసి కంపెనీకి మెయిలు పంపాను. నేను రాసిన ఇంగ్లీషుకి నేనే మురిసిపోయాను కూడా. జవాబు లేదు. మళ్ళీ పంపాను, ఈసారి ఇంకా కఠినంగా. మీ సందేశం మాకు ముఖ్యమని ఒక యంత్రం జవాబిచ్చింది. శ్రీకాకుళంలో మా పై అధికారికి ఈ సంగతి ఎలా తెలిసిందో గానీ ఫోను చేసి, "విదేశాంగ శాఖ మీకెప్పుడు ఇచ్చారమ్మా?" అని అడిగారు. ఆయన మంచివారు. నవ్వుతూనే అడిగారు, ఆపమని మాత్రం అనలేదు.

అప్పుడు టెక్కలి వెళ్ళాను. అక్కడ కోర్టులో ఒక పాత వకీలు గారు ఉండేవారు, నాకు వరసకి అన్నయ్య అవుతారు. ఆయన కళ్ళజోడు నుదుటి మీదే ఉంటుంది, దాని కోసం ఇల్లంతా వెతుకుతారు. ఒప్పందం మొత్తం నాతో చదివించుకుని, "కోర్టుకెళితే ఆ అమ్మాయి మనవరాలు తీర్పు వింటుంది. కోర్టు మాట మర్చిపో," అన్నారు. "ఒక్కటి చెప్పు. వాళ్ళ దేశపు చట్టం అని రాసుకున్నారు సరే, ఆ వాళ్ళ చట్టం ఏమంటుందో చూశావా?"

చూడలేదు. ఆ దేశం అనగానే శత్రువు అనుకున్నాను తప్ప, అక్కడ కూడా నాలాంటి వాళ్ళు కూర్చుని పనివాళ్ళ కోసం చట్టాలు రాసి ఉంటారని తట్టలేదు. ఇద్దరం కలిసి వెతికాం. సారాంశం ఇది. పనివాడు ఏ దేశపు చట్టానికి ఒప్పుకుని సంతకం పెట్టినా, తాను మామూలుగా ఎక్కడ పని చేస్తాడో అక్కడి చట్టం ఇచ్చే రక్షణ ఆ సంతకంతో పోదు. అది ఆ దేశంలోనూ దాని చుట్టుపక్కల దేశాల్లోనూ ఉన్న నియమమే. భాగస్వామి అని పేరు పెట్టినంత మాత్రాన సరిపోదు, పని తీరు చూడాలంటారు. మన దగ్గర కూడా కొత్త చట్టంలో ఇలాంటి పనివాళ్ళకి పేరంటూ ఒకటి వచ్చింది గానీ, ఎలా అమలు చేయాలో చెప్పే కాగితాలు నా బల్ల దాకా రాలేదు.

"అంటే వాళ్ళ చట్టంలోకి వెళ్ళినా అది మనల్ని మళ్ళీ అక్కుపల్లికే పంపుతోంది," అన్నాను.

"పని అక్కుపల్లిలో జరిగిందని నువ్వు చూపించగలిగితే. వాళ్ళు సర్వర్లో జరిగిందంటున్నారు కదా," అని కళ్ళజోడు వెతకడం మొదలుపెట్టారు. నుదుటి మీదుందని చెప్పి బస్సెక్కాను.

దారిలో ఒక ఆలోచన వచ్చింది. ఇంగ్లీషుకి వాళ్ళు జవాబివ్వరు, ఎందుకంటే ప్రపంచమంతా వాళ్ళకి ఇంగ్లీషులోనే తిడుతూ రాస్తుంటుంది. మరునాడు అదే నోటీసు తెలుగులో రాశాను. మన అధికార భాష అదే కదా, ఎవరూ తప్పు పట్టలేరు. ఏమైందనుకున్నారు? తెలుగు చూసి ఆ మెయిలుని యంత్రం వాళ్ళ తెలుగు విభాగానికి తోసేసింది. ఆ విభాగమంటే హైదరాబాదులో ఒక అమ్మాయి. ఆమె చదివి, భయపడి, వాళ్ళ న్యాయ విభాగానికి పంపింది. వారం తిరక్కుండా జవాబు వచ్చింది. ఆ రోజు మా సీనియర్ అసిస్టెంటు రెండోసారి పేపరు మడిచాడు.

జవాబులో నేరం ఏమిటో మొదటిసారి తెలిసింది. ఆమె ఖాతాలో రెండు గొంతులున్నాయట. మొదట పంపినవి తీరప్రాంతపు మనిషివి, తర్వాత పంపినవి ఇంకెవరివో. ఖాతాని వేరే మనిషికి అద్దెకిచ్చారు కాబట్టి మోసం. రెండు రికార్డింగులూ జత చేశారు. పనిలో పనిగా, ఆమె పంపిన ప్రతి రికార్డింగులోనూ సముద్రం హోరు వినపడుతోందనీ, తగ్గించమని ఎన్నిసార్లు చెప్పినా తగ్గించలేదనీ ఒక ఫిర్యాదు.

నాకు ఒళ్ళు మండింది. కంపెనీ మీద కాదు, ఆమె మీద. నా దగ్గర కూర్చుని ఏడ్చినంత పని చేసి, ఫోను ఎవరికో ఇచ్చిందా? పని స్థలం తనిఖీ అని రాసి, జీపు తీసుకుని అక్కుపల్లి బయల్దేరాను. తనిఖీ మా హక్కు. బట్టీని తనిఖీ చేసినట్టే ఇంట్లో గదిని కూడా చేయొచ్చు.

జీడి తోటలు దాటి, కొబ్బరి తోటలు దాటి ఊళ్ళోకి వెళ్ళేసరికి అతను ఇంటి ముందు వల బాగు చేసుకుంటున్నాడు. ఆమె నన్ను మేడ మీదికి తీసుకెళ్ళింది. సిగ్నలు అక్కడే దొరుకుతుందట. చిన్న గది, కిటికీ నిండా సముద్రం. మూల ఒక దుప్పటి ఉంది. రికార్డింగు చేసేటప్పుడు ముసుగేసుకుంటుందట, హోరు వినపడకుండా.

అతను మెట్ల మీద నిలబడి, "సముద్రం ఆపమంతన్నారు మేడమ్. నాను పోయి సెప్పినాను, అది ఇంతాదేటి?" అన్నాడు.

నవ్వు వచ్చింది గానీ మింగేసి, ఫోనులో మొదటి రికార్డింగు పెట్టాను. చేపల బుట్ట బొమ్మ గురించి. "ఇదిగో సూడండి, ఈ బుట్టలో కవళ్ళు ఉన్నాయి, పైనేమో రెండు సందువాలు ఏసినారు. ఇది మా అత్త బుట్ట లాగే ఉన్నాది గానీ, మా అత్త అయితే ఇంత బాగా సద్దదు." వింటుంటే ప్రాణం లేచొచ్చింది. మా అమ్మమ్మ టెక్కలి సంతలో మాట్లాడినట్టే ఉంది.

రెండోది పెట్టాను. "ఈ చిత్రంలో మనం తాజా మత్స్య సంపదను వీక్షించవచ్చు."

"ఇదెవరు?" అన్నాను, కళ్ళెర్రజేసి.

"నేనేనండి."

"అబద్ధం ఆడకు."

"మా పిల్ల మీద ఒట్టండి, నేనే. వాళ్ళు గర్వకారణం అని రాశారు కదండి. అంత దూరం వాళ్ళు వింటున్నారు, మనం ఎలా పడితే అలా మాట్లాడితే ఏం బాగుంటుంది అనుకున్నాను. ఫొటో తీయించుకునేటప్పుడు తల దువ్వుకోమా అండి?"

మెట్ల మీంచి మొగుడు అందుకున్నాడు. "నాను అప్పుడే అన్నాను మేడమ్. ఏటే, వార్తలు సదువుతున్నావేటి అని. ఇన్నాదేటి? దుప్పటి కప్పుకోని మరీ సదివింది."

ఇంక ఆపుకోలేకపోయాను. ఆ గదిలో కూర్చుని కడుపుబ్బా నవ్వాను. ఆమె బిక్కమొహం వేసింది, తర్వాత తనూ నవ్వింది. చూడండి, ఆ కంపెనీకి కావాల్సింది ఈమె అసలు మాట. డబ్బిచ్చేది దానికే. గౌరవం ఇద్దామని ఈమె ఆ మాటని దాచి, కొత్త చీర కట్టినట్టు మర్యాద తెలుగు కట్టింది. ఇలాంటి పొరపాటు మనవాళ్ళే చేస్తారు. బయటివాడు ఎవరైనా మన మాట వింటున్నాడంటే చాలు, మనకి వెంటనే "చ"లన్నీ సరిగ్గా పలకాలనిపిస్తుంది. నేనూ ఇప్పుడు మీకు రాస్తున్నది అలాంటి తెలుగే కదా. ఇంట్లో మాట్లాడేది వేరు.

తనిఖీ నోటు రాశాను. పని స్థలం అక్కుపల్లి, మేడ మీద గది, సముద్రానికి ఎదురు. పని పరికరాలు ఫోను, దుప్పటి. సీనియర్ అసిస్టెంటు దాన్ని టైపు చేస్తూ దుప్పటి దగ్గర ఆగి నా వంక చూశాడు. ఉంచమన్నాను.

ఆ నోటు పంపాక కంపెనీతో వీడియోలో మాట్లాడటానికి రోజు కుదిరింది. అప్పటికి వానలు పడిపోయాయి. ఆ మరునాడే జట్టు పలాసలో రైలెక్కుతోంది. మొగుడికి ఆ సంగతి తెలుసు, ఆమెకీ తెలుసు, ఇద్దరూ దాని గురించి మాట్లాడుకోవడం లేదు. అతను ఎప్పటిలాగే వరండాలో బల్ల మీద కూర్చున్నాడు. లోపల సీనియర్ అసిస్టెంటు లాప్‌టాప్ ముందు మేం ముగ్గురం.

తెర మీద ఇద్దరు. అక్కడి న్యాయ విభాగం పెద్దమనిషి, తెల్లటి గడ్డం, మర్యాదస్తుడు. హైదరాబాదు నుంచి ఆ తెలుగు అమ్మాయి, మాటలు అటూ ఇటూ చెప్పడానికి.

జరిగింది చెప్పాను. పెద్దమనిషి ఓపికగా విని, "ఆవిడను మాట్లాడమనండి, వింటాం," అన్నాడు.

ఆమె మైకు ముందు నిటారుగా కూర్చుని, "నమస్కారం. నేను అక్కుపల్లి గ్రామ వాస్తవ్యురాలిని. నాకు జరిగిన అన్యాయాన్ని మీ దృష్టికి తీసుకురావాలని ఆశిస్తున్నాను," అంది.

హైదరాబాదు అమ్మాయి ఇబ్బందిగా కదిలింది. "ఇది రెండో గొంతు సార్."

"నీ మాట మాట్లాడవే తల్లీ," అన్నాను చెవిలో.

"అలాగేనండి. నా మాటే మాట్లాడుతున్నానండి," అంది ఇంకా స్పష్టంగా. భయమేసిన కొద్దీ మాట బిగుసుకుపోతోంది. చేపల పేర్లు చెప్పమన్నాను. మత్స్యాలు అంది. నేను నెత్తి కొట్టుకున్నాను. పెద్దమనిషి వాచీ చూసుకున్నాడు.

సరిగ్గా అప్పుడు వరండాలో ఫోను మోగింది. సముద్రం మీద అరిచి అరిచి అలవాటైన గొంతులు, మెల్లగా మాట్లాడటం వాళ్ళకి రాదు. కిటికీలోంచి మొత్తం వినపడింది. "ఆఁ, సెప్పు మావా. ఇక్కడ అయ్యేలా లేదు. రేపు టేసన్‌కి వొచ్చేత్తాను. నా పేరు రాసీసుకో."

ఆమె కుర్చీలోంచి లేచిపోయింది. మైకు లేదు, కంపెనీ లేదు, నేను లేను.

"ఏటీ? ఎవులి పేరు రాసుకోమంతన్నావు? నీకోసం నానిక్కడ ఫారినోడితో దెబ్బలాడతంతే, నువ్వు బయట కూకోని ఆడికి మాటిచ్చేత్తన్నావేటి? ఈ ఏడు ఎల్లనని నా ముందల సెప్పినావా నేదా? సిగ్గు నేదా నీకు? ఫోనిటియ్యి. మావా, నానే, ఇను. మా ఆడు రాడు. రాడంతే రాడు. పేరు కొట్టీ. ఓలమ్మ ఓలమ్మ, మాటలు సెప్పి బతుకుదామని నానంతే, ఈ మడిసి మాట మీద నిలబడడేటి మేడమ్! బండెక్కినావంతే సూడు, నీ సంచి ఆ పట్టాల మీదే ఇసిరేత్తాను!"

కిటికీ అవతల మొగుడు, "అది కాదే, ఒకేల ఇక్కడ అవకపోతే అని..." అంటున్నాడు.

"అవకపోతే ఏటి? అవుతాది! నువ్వు నోరు మూసుకోని కూకో!"

ఆమెకి అప్పుడు కెమెరా గుర్తొచ్చి, కొంగుతో ముఖం కప్పుకుని కూలబడింది. తెర మీద హైదరాబాదు అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వణికిపోతోంది, నవ్వు ఆపుకోలేక. కాసేపటికి తేరుకుని, "సార్, ఇది మొదటి గొంతు. అదే మనిషి. నా కళ్ళ ముందే ఆవిడ నోట్లోంచి వచ్చింది," అంది.

"ఏమంటోంది ఆవిడ?" అని అడిగాడు పెద్దమనిషి.

"భర్తతో... కుటుంబ విషయం సార్."

ఆయన కూడా భార్య ఉన్నవాడిలాగే ఉన్నాడు, వెంటనే అర్థం చేసుకున్నాడు. మోసం అన్న మాట ఆ క్షణమే తీసేస్తామన్నాడు. మా సీనియర్ అసిస్టెంటు టీ చెప్పడానికి లేచాడు కూడా. కానీ పెద్దమనిషి ఇంకా ముగించలేదు. "ఖాతా తిరిగి తెరుస్తాం, అయితే అది మా దయతో. ఒప్పందం ప్రకారం పని మా దేశంలో, మా సర్వర్ల మీద జరిగింది. మీ చట్టానికి గానీ మీ ఆఫీసుకి గానీ ఇందులో స్థానం లేదు," అన్నాడు.

నేను ఆమె వైపు చూశాను. ఒప్పుకుంటే ఈ పూటకి పని అయిపోతుంది. ఆమె కొంగు తీసింది. "దయ అంతే, రేపు మళ్ళీ సెప్పకుండా తీసేత్తే మేడమ్? అప్పుడు ఈడ్ని నాను ఏ మొకం పెట్టుకోని ఆపుతాను?" అంది. ఈసారి మాట మారలేదు.

అదే అసలు ప్రశ్న. చెప్పకుండా, అడగకుండా మనిషిని బయటికి తోయకూడదనే కదా ఇన్నేళ్ళు నేను జీడి బట్టీల వాళ్ళ మీద అరిచింది. అరుద్దామని నోరు తెరిచాను. అంతలో ఎదురుగా వాళ్ళ జవాబు కనపడింది, అందులో ఆ సముద్రం ఫిర్యాదు కనపడింది. నోరు మూసుకున్నాను. నా సర్వీసులో అరవకుండా గెలిచిన పూట అదొక్కటే.

"అయ్యా, మీరు ప్రతి రికార్డింగులోనూ సముద్రం వినపడుతోందని రాశారు. నిజమేనా?" అని అడిగాను.

"నిజమే. మా పరిశీలకులు చాలాసార్లు గుర్తించారు."

"ప్రతి దాంట్లోనూ?"

"ప్రతి దాంట్లోనూ."

"పని మీ దేశంలో జరిగిందంటున్నారు. మీ దేశంలో సముద్రం ఎక్కడుందండి?"

ఆ మాట అటు చెప్పేలోపే హైదరాబాదు అమ్మాయి ముఖం విప్పారింది. పెద్దమనిషి విన్నాడు. గడ్డం నిమురుకున్నాడు. ఆ దేశానికి నాలుగు వైపులా నేలే, సముద్రమన్నది లేదు. చిన్న పిల్లాడు మ్యాపు చూసినా చెబుతాడు. ఆయన మొదట నవ్వాపుకోవడానికి ప్రయత్నించి, తర్వాత గట్టిగా నవ్వేశాడు.

"మాకు సముద్రం లేదు మేడమ్," అన్నాడు.

"అయితే పని జరిగింది సముద్రం ఉన్న చోట. మీకు కావాల్సింది ఆ తీరపు మాట, ఆ తీరంలోనే ఉండేవాళ్ళ నోట. మీ ప్రకటనలో మీరే అడిగారు. ఆ పని అక్కుపల్లిలో తప్ప ఇంకెక్కడా చేయడానికి వీల్లేదు. మీ దేశపు చట్టమే అంటుంది, పని ఎక్కడో రక్షణ అక్కడిదని. మేం మీ చట్టాన్ని కాదనడం లేదండి, పాటించమంటున్నాం."

ఆయన కాగితం మీద ఏదో రాసుకున్నాడు. పై వాళ్ళతో చెప్పి రాస్తానన్నాడు. తెర మూసే ముందు ఆమెతో ఏదో అన్నాడు. హైదరాబాదు అమ్మాయి చెప్పింది, "దుప్పటి తీసేయమంటున్నారు."

రాశారు. వకీళ్ళు రాసినట్టే రాశారనుకోండి, ఈ ఒక్క తగాదాకి మాత్రమే, దీన్ని ఉదాహరణగా తీసుకోరాదు, ఇంకా ఏవేవో. కానీ లోపల ముఖ్యమైన ముక్క ఉంది. పని స్థలం అక్కుపల్లిగా ఒప్పుకుంటున్నాం, ఇక మీదట ముందు చెప్పకుండా, ఆమె మాట వినకుండా ఖాతా ఆపం అని. టెక్కలి అన్నయ్యకి చదివి వినిపిస్తే, "ప్రపంచమంతా తేలని ప్రశ్న నువ్వేం తేల్చలేదు, తెలుసా?" అన్నారు. తెలుసు. కానీ ఆ వీడియో మాటల మరునాడు పలాసలో రైలు వెళ్ళిపోయింది, అందులో అతను లేడు. మేస్త్రీ మావ నాలుగు తిట్లు తిట్టి పేరు కొట్టేశాడట. అతను ఆ ఏడంతా అక్కుపల్లి పడవ మీదే వేటకెళ్ళాడు.

తర్వాత నేను రిటైరయ్యాను. సన్మానంలో జీడిపప్పు ఇచ్చారు. ఇంకేమిస్తారు?

మొన్న ఒక రోజు ఆమె ఫోను చేసింది. కంపెనీ వాళ్ళు ఒప్పందాన్ని మార్చారట. ఎవరికీ అర్థం కాని ఇంగ్లీషు చాలదని, చేరేవాళ్ళకి వాళ్ళ మాటలోనే వినిపించాలని నిర్ణయించారట. మన తీరపు మాటలో చెప్పే పని ఈమెకే ఇచ్చారు.

"పంపించానండి, వినండి మేడమ్," అంది సిగ్గుగా. "తల దువ్వుకోకుండానే సెప్పినాను."

ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాను. "ఇదిగో, ఇనండి. నొక్కీకముందు ఇనండి. మీరు ఏ దేశపోడి పని సేసినా, కూకోని సేసిన సోటు మీదే. ఆ సోటు సట్టం మిమ్మల్ని ఒదల్దు. మీతో సెప్పకుండా, మీ మాట ఇనకుండా, మిమ్మల్ని ఎవులూ తీసీడానికి లేదు." వెనకాల ఎవరో మగమనిషి వల లెక్క గురించి అరుస్తున్నాడు, ఆమె మధ్యలో ఆగి "నువ్వుండు బావా" అంది, అది కూడా అలాగే ఉంచేశారు. ఆ వెనక, మొదటి నుంచి చివరి దాకా, సముద్రం.